తాడు దగ్గర కూర్చునే మనిషి

అంచెట్టి దాటాక బస్సు తిరుక్కుని వెనక్కి పోయే చోటు ఒకటి ఉంది. అక్కడి నుంచి రెండు గంటలు నడిస్తే ఆ పల్లె వస్తుంది. ఇరవై ఇళ్లు కూడా ఉండవు. ఉండేది ఇరుళ తెగవాళ్లు. కొండతేనె దింపడం, ఎండాకాలంలో చింతపండు, సీకాయ ఏరడం, మిగతా రోజుల్లో కింది ఊళ్లకు కూలికి పోవడం వాళ్ల పని. ఆ దారిలో ఏనుగులు తిరుగుతాయి. మొదటిసారి నడిచినప్పుడు కొమ్మ విరిగిన చప్పుడు వినపడిన ప్రతిసారీ నేను ఆగిపోయాను. మా పాస్టరుగారు మాత్రం పాట పాడుకుంటూ ముందు నడిచారు. నేను భయస్తుణ్ణి. ఈ సంగతి మొదటే చెప్పడం మంచిది. ఇక్కడ రాయబోయేదంతా అందులోంచి వచ్చిందే.

మాది హోసూరులో బట్టల అంగడి పెట్టుకుని బతికిన కుటుంబం. పదేళ్ల కిందట నా భార్యకు పెద్ద జబ్బు చేసినప్పుడు ఆసుపత్రి వరండాలో నా పక్కన వచ్చి కూర్చున్నది మావాళ్లు కాదు, మా వీధి చివర ఉండే చిన్న చర్చివాళ్లు. ఆమె లేచి తిరిగాక ఇద్దరం ఆ చర్చిలో చేరాము. మా అన్నలు నన్ను అంగడిలోంచి పంపేశారు. అంగడి పోయినందుకు నాకు పెద్ద బాధ లేదు. జూజువాడిలో ఒక లారీల ఆఫీసులో పని దొరికింది. కాని ఆ తర్వాత మా అన్నలు మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. అది లోపల ఉండిపోయింది.

పాస్టరుగారిది చిత్తూరు వైపు. తెలుగు తప్ప ఇంకో భాష ఆయనకు సరిగా రాదు. మా ఊళ్లో పుట్టినవాళ్లందరికీ వచ్చినట్టే నాకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చు. అందుకని ఆదివారాలు ఆయన కొండ మీద మాట్లాడితే, నేను పక్కన నిలబడి వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పేవాణ్ణి. ఆ పల్లెవాళ్లది తమిళానికి దగ్గరగా ఉండే సొంత మాట. రెండు మూడేళ్లలో అది కూడా నాకు పట్టుబడింది. ఇక్కడ వాళ్ల మాటలన్నీ మా వైపు తెలుగులోనే రాస్తున్నాను.

మేము వెళ్లినందువల్ల అక్కడ మంచి జరగలేదని నేను అనను. జ్వరం వచ్చిన పిల్లల్ని డెంకణికోట ఆసుపత్రికి మోసుకుపోయాము. నలుగురు ఆడపిల్లలు బడి హాస్టలులో చేరారు. సారాయి మానినవాళ్లు నిజంగానే మానారు. ఇవన్నీ నేను కళ్లతో చూశాను.

దానితో పాటు ఇంకొకటి కూడా మోసుకెళ్లాము. అంతకు ముందు వాళ్లకు భయాలు లేవని కాదు. ఏనుగంటే భయం, ఎలుగుబంటి అంటే భయం, ఫారెస్టు గార్డు అంటే భయం. కాని ఏది ఏ దారిలో ఎదురుపడుతుందో వాళ్లకు తెలుసు. మేము తీసుకెళ్లిన భయం ఏ దారిలో వస్తుందో ఎవరికీ తెలియదు. అది ఇంట్లోనే ఉంటుంది. గూట్లో దీపంలో ఉండొచ్చు, అవ్వ కట్టిన తాయెత్తులో ఉండొచ్చు. అన్నం పెట్టే చుట్టం చేతిలో కూడా ఉండొచ్చు. పాస్టరుగారు నరకం గురించి ఒక మాట చెబితే, నేను దాన్ని నాలుగు మాటలు చేసి చెప్పేవాణ్ణి. వాళ్ల ముఖాలు మారడం నాకు కనపడేది. ఆ మారడం నాకు నచ్చేది. ఇది ఒప్పుకోవడం కష్టంగా ఉంది.

మొదటి నుంచీ మాకు దగ్గరైన ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంటాయన ఆ చుట్టుపక్కల తేనె దింపడంలో పేరున్నవాడు. భార్య, ముగ్గురు బిడ్డలు. ఆమె తమ్ముడిది పక్క ఇల్లే. ఇద్దరు మగవాళ్లూ ఒకరినొకరు మచ్చా అని పిలుచుకునేవాళ్లు. తమిళంలో బావకూ బావమరిదికీ అదే పిలుపు.

తేనె దింపడం గురించి నాకు మొదట చెప్పింది ఆ ఇంటాయనే. కొండ అంచు నుంచి అడవితీగలతో పేనిన నిచ్చెన వేలాడదీసి, పొగ కట్ట పట్టుకుని దిగుతారు. కొన్ని కొండల్లో రాత్రి దిగుతారంట, వీళ్లు పగలే దిగుతారు. కింద చూస్తే చెట్లు గడ్డిపరకల్లా కనపడతాయి.

"నేను దిగినాక పైన తాడు కాడ ఎవురు కూర్చోవాల, తెలుసా సార్?" అని అడిగాడు. "పెండ్లాం తమ్ముడు. లేదంటే అన్న. ఇంకెవురూ కూర్చోకూడదు."

"నీ సొంత తమ్ముడు కూర్చోకూడదా?"

"సొంత తమ్ముడికి నేను పోతే నా చేను వస్తుంది. మచ్చాకు ఏమొస్తుంది? వాళ్లక్క ముగ్గురు బిడ్డల్ని ఏసుకుని వాడి ఇంటి ముందర కూర్చుంటుంది. వాడు తాడు ఇడుస్తాడా?"

బావమరిది అక్కడే కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. "అదేం లేదు సార్. మా అక్క నోటికి భయపడి పట్టుకుంటాను," అన్నాడు.

"ఈతూరి ఇద్దర్నీ కలిపి తోసేస్తాను. నాకు నిమ్మళం," అంది ఆమె పొయ్యి దగ్గర నుంచి.

ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను.

తాడు దగ్గర కూర్చునేవాడికి ఇంకొన్ని పనులున్నాయి. దిగే రోజు వాడు ఏమీ తినడు. కొండ అంచున ఒక రాయి ఉంటుంది, అది వాళ్ల కొండతల్లి. దాని ముందు కర్పూరం వెలిగించి, దణ్ణం పెట్టి, తర్వాత కట్టు దగ్గర కూర్చుంటాడు. ఇక లేవకూడదు. తేనెటీగలు పైకి వచ్చినా కంబళి కప్పుకుని కూర్చోవాలి తప్ప కదలకూడదు. కింద మనిషి పాట పాడుతూ పని చేస్తాడు. పాట ఆగితే ఏదో అయిందని అర్థం.

మూడో సంవత్సరం ఆ ఇంటాయన, ఆయన భార్య బాప్తిస్మం తీసుకున్నారు. బావమరిది తీసుకోలేదు. "మీరు పోండి, నేను చూస్తాను," అన్నాడు. కోపంగా అనలేదు.

తేనె కాలం వచ్చింది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ ఇంటాయన పాస్టరుగారి ముందుకొచ్చి నిలబడ్డాడు. "నేను ఇప్పుడు ఆ రాయికి మొక్కను. మచ్చా మాత్రం కర్పూరం పెట్టకుండా తాడు పట్టుకోనంటాడు. వాడు పెడితే పెట్టనీ అని నేను దిగొచ్చా? తప్పవుతుందా?" అని అడిగాడు. నేను పాస్టరుగారికి చెప్పాను.

"మనిషి ప్రాణం సంగతి బ్రదర్ ఇది. తొందరపెట్టొద్దు. బావమరిది నమ్మకం బావమరిదిది. ఈయన మనసులో ప్రార్థన చేసుకుని దిగమనండి. మిగతాది దేవుడు చూసుకుంటాడు," అన్నారు పాస్టరుగారు.

నేను ఆ ఇంటాయన వైపు తిరిగాను. బావమరిది ఇంటి గుమ్మంలోంచి మమ్మల్నే చూస్తున్నాడు. ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో దాచకుండా రాస్తాను. నేను దేవుణ్ణి నమ్ముకుంటే నాకు అన్నలు పోయారు. ఈయన దేవుణ్ణీ ఉంచుకుంటాడు, మచ్చానూ ఉంచుకుంటాడు. అది నాకు ఓర్వలేనట్టుగా అనిపించింది.

"కుదరదంటా ఉండారు," అని చెప్పాను. "కర్పూరం పెట్టిన చెయ్యి పట్టుకున్న తాడు మీద దిగితే, నువ్వు నమ్మింది ఆ రాయినే అవుతుంది. అటన్నా ఉండు, ఇటన్నా ఉండు."

ఆయన పాస్టరుగారి ముఖం వైపు చూశాడు. పాస్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి ప్రేమగా నవ్వారు. దాంతో నా మాటకు ముద్ర పడినట్టయింది.

ఆ సంవత్సరం ఆయన తేనెకు దిగలేదు. బావమరిది ఆ ఇంటికి రావడం మానేశాడు. "నా చెయ్యి మైల అయిపోయిందంట," అని పల్లెలో అన్నాడని విన్నాను. రెండిళ్లకూ మధ్య పది అడుగులు కూడా లేదు. పిల్లలు మాత్రం అటూ ఇటూ తిరిగేవాళ్లు. పెద్దవాళ్లు ముఖాలు తిప్పుకుని నడిచేవాళ్లు. నేను వచ్చినప్పుడల్లా అది చూసేవాణ్ణి. విశ్వాసానికి పరీక్షలు తప్పవని ప్రార్థనలో చెప్పేవాణ్ణి.

మరుసటి సంవత్సరం ఆయన దిగక తప్పలేదు. ఒక్కో కొండ మీద తేనె ఒక్కో ఇంటిది. వరసగా రెండేళ్లు దింపకపోతే ఆ కొండ ఇంకొకరికి పోతుంది. నిచ్చెన పేనడానికి మచ్చా ఇంటివాళ్లు లేరు. నన్ను హోసూరు నుంచి నైలాను తాడు తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాక అసలు మాట చెప్పాడు.

"ఏసయ్యలో అందరమూ ఒకే ఇంటోళ్లమని నువ్వే చెప్పినావు కదా సార్. అట్లయితే నువ్వు నాకు మచ్చావే. వచ్చి తాడు కాడ కూర్చో."

కుదరదనలేక సరేనన్నాను. పాస్టరుగారికి చెప్పలేదు. చెబితే ఆయన, బావమరిది ఏమయ్యాడు అని అడుగుతారు.

దిగే రోజు ముందు వారమంతా నాకు అన్నం సరిగా పోలేదు. కొండ అంచుకు చేరేసరికి ఎండ ఎక్కింది. తాడు మధ్య మధ్య ముడులు వేసి కాళ్లు పెట్టుకోవడానికి వీలుగా చేశాడు. రెండో కొసను ఒక చెట్టు మొదలుకు కట్టాడు. "ఇది కొత్త తాడు సార్, నున్నగా ఉండాది. జారొచ్చు. కండ్లు ఈ ముడి మీదే పెట్టు. కదిలిందంటే కాలు తన్ని పట్టుకుని నన్ను పిలువు. అంతే పని," అన్నాడు. నాకు ఒక కంబళి ఇచ్చాడు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. ఆ రాయి ఉన్న వైపు చూడకుండా దిగాడు.

ఆయన పాట వినపడుతూ ఉంది. చర్చి పాటే, వాళ్ల రాగంలో పాడుతున్నాడు. కొంతసేపటికి పొగ వాసన వచ్చింది. తర్వాత గాలి తిరిగింది. లోయలోంచి ఒక చప్పుడు పైకి లేచింది. దూరంగా లారీ గేరు మార్చినప్పుడు వచ్చే చప్పుడులాంటిది. ఈగలు అంచు దాటి వచ్చాయి. నేను కంబళి కప్పుకున్నాను. ఒకటి లోపలికి దూరి కంటి పక్కన కుట్టింది. ఇంకొకటి మెడ మీద. కంబళి సందులోంచి ముడి వైపు చూశాను. ముడి కదిలింది. ముందు ఉన్న చోటికీ ఇప్పుడున్న చోటికీ జానెడు తేడా ఉంది. తాడు మెల్లగా, పాము జారినట్టు, చెట్టు మొదలు చుట్టూ జారుతోంది.

నేను తెలియక పరిగెత్తింది కాదు. ముడి జారడం చూసి, అది జారితే ఏమవుతుందో తెలిసి, లేచి పరిగెత్తాను.

కొంత దూరంలో ఒక ముళ్ల పొద ఉంటే అందులో దూరి, కంబళి చుట్టుకుని ముడుచుకున్నాను. పాట ఆగిపోయింది. "సార్," అని పిలుపు వినపడింది. మళ్లీ "సార్" అన్నాడు. మూడోసారి పిలుపు సన్నగా ఉంది. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఈగలు నా వైపు వస్తాయని భయం. ఆయన చచ్చిపోతాడు అన్న మాట తలలో తిరుగుతూనే ఉంది, కాళ్లు మాత్రం లేవలేదు. ఆ తర్వాత ఏదో అరుపు వినపడింది గాని అది మాటో కాదో నాకు తెలియలేదు.

అప్పుడు రాళ్ల వెనక నుంచి ఒక మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. బావమరిది. పొద్దున్నే వచ్చి అక్కడ రాళ్ల చాటున కూర్చున్నాడంట. ఎవరూ పిలవలేదు. కంబళి కూడా తెచ్చుకోలేదు. జారుతున్న తాడును నడుముకు చుట్టుకుని, మడమలు రాయికి తన్ని పెట్టి, వెనక్కి వాలి కూర్చున్నాడు. ఈగలు ఆయన ముఖం మీద, చెవుల మీద, చేతుల మీద నల్లగా కమ్ముకున్నాయి. ఆయన వాటిని తోలుకోలేదు. నేను పొదలోంచి చూస్తూనే ఉన్నాను. ఎంతసేపు అయిందో తెలియదు. ఆ ఇంటాయన ఒక చేత్తో అంచు పట్టుకుని పైకి వచ్చేదాకా బావమరిది కదలలేదు.

తాడు ఒక్కసారిగా నిలువెత్తు జారినప్పుడు ఆ ఇంటాయన మడమ రాతికి కొట్టుకుని పగిలింది. అరచేతుల తోలు లేచిపోయింది. అంచున పడుకుని కళ్లు మూసుకున్నాడు. అప్పుడు నేను పొదలోంచి వచ్చాను. బావమరిది నా వైపు చూశాడు. ఆయన కళ్లు అప్పటికే వాచి గీతల్లా ఉన్నాయి. పక్కకు తిరిగి ఉమ్మి, లేచి వెళ్లిపోయాడు.

డెంకణికోటకు తీసుకుపోయే జీపులో ఆ ఇంటాయన అడిగాడు. "మచ్చా యాడ నుంచి వచ్చినాడు సార్?"

"ఈగలు వచ్చినప్పుడు నాకు సాయానికి వచ్చినాడు. ఇద్దరం పట్టుకున్నాము," అన్నాను. నా కంటి వాపు చూసి ఆయన నమ్మాడు.

కొన్ని నెలల తర్వాత కృష్ణగిరి బస్టాండు దగ్గర ఒక హాలులో సభ జరిగింది. చిత్తూరు, కుప్పం వైపు నుంచి వచ్చిన తెలుగు సంఘాల సభ అది. పాస్టరుగారు ఆ ఇంటాయనను సాక్ష్యం చెప్పమన్నారు. అప్పటికే నేను మా ప్రార్థన వాట్సాప్ గ్రూపులో ఆ బావమరిది గురించి, విశ్వాసికి అడ్డు నిలబడిన చుట్టం అని రెండు మూడుసార్లు రాసి ఉన్నాను.

ఆయన కుంటుకుంటూ మైకు దగ్గరికి వచ్చాడు. ఆ జనాన్ని చూసి బెదిరిపోయి తమిళం కూడా మరిచి, తన సొంత మాటలో గబగబా చెప్పాడు. "ముడి జారింది. పైన ఈ సారూ, మా మచ్చా ఇద్దరూ పట్టుకున్నారు. మా మచ్చాకు మొగమంతా ఈగలు కుట్టినాయి. వాడు ఇడవలేదు. వాడు ఉండబట్టి ఈడ నిలబడినాను. దేవుడు వాణ్ణి సల్లగా చూడాల."

హాలంతా నా వైపు చూసింది. నేను తెలుగులో చెప్పాను. "ముడి జారింది. పైన పట్టుకునే మనిషి లేడు. చుట్టాలందరూ వదిలేశారు. అప్పుడు దేవుడే చెయ్యి చాపి ఆ తాడు పట్టుకున్నాడు." అందులో, పైన మనిషి లేడు అన్న ఒక్క మాట నా విషయంలో నిజం.

జనం చప్పట్లు కొట్టారు, స్తోత్రం అన్నారు. ముందు వరుసలో ఒక పెద్దావిడ మాత్రం తల పక్కకు వంచి నన్నే చూస్తూ కూర్చుంది. ఆమెకు ఆ ఇంటాయన సొంత మాట అర్థమైందో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు చర్చి తలుపు దగ్గర కొత్త ఆడమనిషి కనపడితే ఆవిడేమో అని వెనక్కి తప్పుకునేవాణ్ణి.

తిరుగు బస్సులో ఆ ఇంటాయన చాలా సంతోషంగా ఉన్నాడు. "అన్ని చప్పట్లు మా మచ్చాకే కదా సార్?"

"అవును."

"అంతా చెప్పినావా?"

"అంతా చెప్పినాను."

ఆ మాటను ఆయన నేరుగా పది అడుగుల అవతలి ఇంటికి మోసుకుపోయాడు. ఏడాదిన్నర తర్వాత ఆ గుమ్మం ముందు నిలబడి, "మచ్చా, కృష్ణగిరిలో అంత జనంలో నీ సంగతి చెప్పినారు. సారు అంతా చెప్పినాడంట," అన్నాడంట. బావమరిదికి 'అంతా' అంటే నేను పారిపోయింది కూడా. ఆ సంగతి ఆయన అప్పటిదాకా అక్కకు కూడా చెప్పలేదు. "అంత జనంలో తన తప్పు తనే చెప్పుకున్నాడా? అయితే మనిషే," అన్నాడంట. రెండిళ్ల మధ్య మాటలు మొదలయ్యాయి. వచ్చే తేనె కాలానికి తాడు తనే పట్టుకుంటానని కూడా చెప్పాడు. కర్పూరం సంగతి ఇద్దరూ ఎత్తలేదంట. ఇదంతా ఆ ఇంటావిడ నాతో చెప్పి నాకు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. జూజువాడిలో లారీల చప్పుడు మధ్య కూర్చుని కూడా లోయలోంచి లేచిన ఆ చప్పుడే వినేవాణ్ణి. నా అబద్ధం మీద ఆ ఇద్దరూ కలిశారు. రేపు బావమరిదికి నిజం తెలిస్తే? తెలిసే సమయానికి ఆ ఇంటాయన కొండ మధ్యలో వేలాడుతూ ఉంటే? బావమరిది తాడు వదిలే మనిషి కాదని నాకు తెలుసు. కాని నేను చెప్పిన మాటల వల్ల ఆ చెయ్యి ఒకసారి ఆ తాడుకు దూరమయింది. ఇంకోసారి దూరం కాదని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

మామిడి పూత రాలే రోజుల్లో పాస్టరుగారు, నేను కొండకు వెళ్లాము. ఆ ఇంటి ముందు రెండు కుటుంబాలవాళ్లూ కూర్చుని తీగల నిచ్చెన పేనుతున్నారు. సగం నిచ్చెన నేల మీద పడి ఉంది. బావమరిది లేచి లోపలికి వెళ్లి ఒక సీసా తేనె తెచ్చి పాస్టరుగారి చేతిలో పెట్టాడు.

"నా గురించి కృష్ణగిరిలో చెప్పించినారంట. ఈ సారు పారిపోయింది కూడా తనే చెప్పినాడంట కదా. అందుకే మీకని తెచ్చినాను," అన్నాడు.

"పారిపోయిందేంది?" అన్నాడు ఆ ఇంటాయన.

"ఏమంటున్నాడు బ్రదర్?" అని అడిగారు పాస్టరుగారు.

మీకు కృతజ్ఞతలు చెబుతున్నాడు అని నోటి దాకా వచ్చింది. ఆ మాట చాలు, ఆ రోజు గడిచిపోయేది. కింద చూస్తే ఆ నిచ్చెన ఉంది. ఆ ఇంటావిడ ఒక తీగను పళ్లతో బిగించి పట్టుకుని, చేతులు ఆపి, నన్నే చూస్తోంది. నేను ఆ నిచ్చెన పక్కన నేల మీద కూర్చున్నాను. మొదట తెలుగులో పాస్టరుగారికి, తర్వాత వాళ్ల మాటలో వాళ్లకు, మొదటి నుంచీ చెప్పాను. పాస్టరుగారు కుదరదనలేదని చెప్పాను. ముడి జారడం చూసే పరిగెత్తానని చెప్పాను. కృష్ణగిరిలో బావమరిది పేరే ఎత్తలేదని చెప్పాను.

ముందు మాట్లాడింది ఆ ఇంటావిడ.

"ఏడాదిన్నర నా తమ్ముడు నా ఇంట్లో గంజి తాగలేదు సార్. రోజూ వాడి ముద్ద కూడా కలిపి వండి, సాయంత్రం కుక్కకు పోసినాను. ఏ దేవుడికి వాడి మీద ఇంత కోపమా అని యోచన చేసి చేసి చచ్చినాను. దేవుడు కాదు, నువ్వా?"

ఆ ఇంటాయన నా వైపు చూడలేదు. తన అరచేతుల వైపు చూసుకుంటూ అడిగాడు. "నేను పిలిచింది నీకు వినపడిందా సార్?"

"వినపడింది."

"ఎన్నితూర్లు?"

"మూడు."

"నాలుగుతూర్లు పిలిచినాను," అన్నాడు. "నాలుగోది నిన్ను కాదులే. మచ్చాను."

పాస్టరుగారి ముఖం పాలిపోయింది. "ఆ రోజు తొందరపెట్టొద్దనే కదా నేను చెప్పింది," అన్నారు. బావమరిది వైపు తిరిగి, నన్ను చెప్పమన్నట్టు చెయ్యి కదిలించారు. బావమరిది అడ్డం వచ్చాడు. "నువ్వొద్దు. ఆయననే చెప్పమను," అన్నాడు. పాస్టరుగారు వచ్చీరాని తమిళంలో, మాటలు వెతుక్కుంటూ, తప్పయింది మన్నించు అన్నారు. దానికి బావమరిది తల ఊపి, తేనె సీసా ఆయన దగ్గరే ఉంచుకోమన్నాడు.

తర్వాత నాతో చెప్పాడు. "నేను తాడు పట్టుకునేది మా అక్క కోసం. నీ మాట నిజమైనా అబద్ధమైనా దానికి సంబంధం లేదు. కాని దిగే రోజు నువ్వు ఆ కొండ కాడ యాడా కనపడకూడదు. కనపడితే నా కండ్లు ముడి మీద ఉండవు."

ఆ తర్వాత నేను పాస్టరుగారి పక్కన నిలబడి మాట్లాడలేదు. ఆయన నన్ను తీసేయలేదు, నేనే మానుకున్నాను. అంచెట్టి నుంచి ఒక పెద్దాయన ఆ పని చేస్తున్నాడు. నేను ఇప్పటికీ చర్చికి వెళతాను, వెనక వరుసలో కూర్చుంటాను. పాస్టరుగారి ద్వారానే వింటున్నాను, ఆ ఇంటాయన ప్రార్థనకు కొన్నాళ్లు వస్తాడంట, కొన్నాళ్లు రాడంట. ఎందుకని ఎవరూ అడగడం లేదు.

దిగే రోజు ఏదో నాకు తెలుసు. ఆఫీసుకు సెలవు పెట్టి అంచెట్టి వరకు వెళ్లి, బస్సులు ఆగే చోట టీకొట్టు బల్ల మీద పొద్దున్నుంచి కూర్చున్నాను. అంతకన్నా ముందుకు పోలేదు. పగిలిన మడమతో ఆయన ఆ నిచ్చెన మీద కాలు పెడుతూ ఉంటాడు. గాలి ఏ వైపు తిరిగినా లేచి కొండ వైపు చూసేవాణ్ణి. ప్రార్థన చేద్దామంటే నోట్లో మాట నిలవలేదు. టీకొట్టాయన రెండుసార్లు, "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు.

పల్లె బయట ఒక బండ మీదికి ఎక్కితేనే అక్కడివాళ్లకు ఫోనులో సిగ్నలు దొరుకుతుంది. ఎండ వాలుతుండగా నా ఫోను మోగింది. ఆ ఇంటావిడ.

"పైకెక్కినాడు," అంది.

నేను ఏదో అనేలోపు పెట్టేసింది. ఎవరు పంపారో, తనంతట తనే ఆ బండ ఎక్కిందో నేను అడగలేదు. ఆ తర్వాత రెండు తేనె కాలాలు గడిచాయి. ఆమె మళ్లీ ఫోను చేయలేదు. చేయాలని ఏమీ లేదు కూడా. ఏటా ఆ దిగే రోజు వచ్చిందంటే నేను మాత్రం ఫోను చేతిలో పట్టుకుని, చీకటి పడి ఆఫీసు మూసేదాకా అది మోగుతుందేమోనని, మోగదేమోనని భయపడుతూ కూర్చుంటాను.